34 అడుగుల ఫైబర్ బోటుకు రాడార్ ఆర్చి: ఎత్తు ఎంత, లోహం ఏది, పైన పెట్టే రాడార్ ఏది?

ఆటోనగర్_ఫ్యాబ్ (విజయవాడ):
సభ్యులందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాకు స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం పైపుల పని చేసే షెడ్డు ఉంది. ఇంతవరకూ బస్సు బాడీలకూ, ఆసుపత్రుల మెట్ల రెయిలింగులకూ, కృష్ణానదిలో తిరిగే పర్యాటక బోట్ల కమ్మీలకూ పనిచేశాం గానీ సముద్రంలోకి వెళ్ళే బోటు పని రావడం ఇదే మొదలు. గుంటూరుకు చెందిన ఒక మిర్చి వ్యాపారి తన 34 అడుగుల ఫైబర్ బోటుకు రాడార్ ఆర్చి (రాడార్‌ను ఎత్తున నిలిపే పైపుల కమాను) చేసిపెట్టమని అడిగారు. బోటు నిజాంపట్నం హార్బరులో ఉంటుంది. వెనక రెండు ఔట్‌బోర్డు ఇంజన్లు ఉన్నాయి. గాలం వేటకు తీరం నుంచి పాతిక ముప్ఫై మైళ్ళ దూరం వెళ్తారట.

నేను వెళ్ళి కొలతలు తీసుకున్నాను. నీటిమట్టం నుంచి బోటు పైకప్పు 2.7 మీటర్ల ఎత్తులో ఉంది. ఆర్చి కాళ్ళు నిలబెట్టదగిన చోటు పైకప్పు ముందంచుకు సరిగ్గా 3 మీటర్ల వెనక వస్తున్నది. విదేశీ బోట్ల ఫోటోల్లో కనిపించేటట్టు బాగా వెనక్కి వాలిన ఆర్చి, దానిమీద 4 అడుగుల తిరిగే కడ్డీ రాడార్ కావాలని యజమాని కోరిక. ఆర్చి ఎంత ఎత్తు ఉండాలో, స్టీలుతో చేయాలో అల్యూమినియంతో చేయాలో, ఆ బరువును ఈ బోటు మోయగలదో లేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి. జూన్ 14తో వేట నిషేధం ముగిసేలోగా బిగించి ఇవ్వాలి.

నౌకానిర్మాణి (విశాఖపట్నం, స్వస్థలం విజయవాడ):
పైపులు వంచక ముందే అడిగినందుకు సంతోషం. ఆర్చిని చాలామంది అలంకారంగా చూస్తారు. నిజానికి అది రాడార్‌కు ఎదురులేని చూపు ఇవ్వడానికి కట్టే పీట. ఆ చూపుకు ఎంత ఎత్తు అవసరమో అంతే ఎత్తు కట్టాలి. అంతకు మించిన ప్రతి అంగుళమూ బోటు ఊగిసలాటను పెంచుతుంది.

మీరు చెప్పిన తిరిగే కడ్డీ రాడార్ దిమ్మెతో కలిపి 20 కిలోల పైమాటే. గుండ్రని మూత లోపల యాంటెన్నా తిరిగే డోము 18 అంగుళాలదైతే 6, 7 కిలోల్లో అయిపోతుంది. నీటికి 4 మీటర్ల ఎత్తున ఉన్న 15 కిలోల తేడా, బోటు పక్కకు ఒరిగినప్పుడు తిరిగి నిలబడే శక్తిని తినేస్తుంది. పైగా అలల మీద వేగంగా వెళ్ళే బోటు కిందికి పడినప్పుడు పైనున్న వస్తువు మీద దాని బరువుకు నాలుగైదు రెట్ల భారం పడుతుంది. 7 కిలోల డోము ఆ క్షణంలో 35 కిలోలైతే, 25 కిలోల కడ్డీ 125 కిలోలవుతుంది. మీ వెల్డింగులు ఏ సంఖ్యకు నిలబడాలో ముందు ఆలోచించండి.

వెనక్కి వాలడం విషయంలో ఇంకో చిక్కు ఉంది గానీ రాడార్ బీము (అది పంపే తరంగాల పుంజం) లెక్క తెలిసినవారు చెబితే బాగుంటుంది.

రేడియో_ఆఫీసర్_విశ్రాంత (గుంటూరు, అరండల్‌పేట):
వాణిజ్య నౌకల్లో రేడియో, రాడార్ పరికరాలు చూసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఆ చిక్కు ఏమిటో చెబుతాను.

చిన్న బోట్ల రాడార్లన్నీ 9.4 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే సుమారు 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేస్తాయి. వీటి బీము అడ్డంగా సన్నగా, నిలువుగా వెడల్పుగా ఉంటుంది. నిలువు వెడల్పు సాధారణంగా 25 డిగ్రీలు కాబట్టి అడ్డగీతకు పైన పన్నెండున్నర, కింద పన్నెండున్నర డిగ్రీలు అనుకోండి. ఆ కింది సగం పైకప్పు ముందంచుకు తగలకుండా వెళ్ళాలంటే, 3 మీటర్ల వెనక ఉన్న డోము పైకప్పు కంటే సుమారు 66 సెంటీమీటర్లు పైన ఉండాలి. ఆర్చిని వెనక్కి వాల్చి డోమును ఇంకో 60 సెంటీమీటర్లు వెనక్కి నెడితే ఆ ఎత్తు 80కి చేరుతుంది. అదే 60 సెంటీమీటర్లు ముందుకు వాలిస్తే 53 చాలు. అంటే అందం కోసం వెనక్కి వాల్చిన ఆర్చి తన వాలువల్లనే ఇంకా ఎత్తు పెరగవలసి వస్తుంది, ఆ ఎత్తు బరువును పెంచుతుంది, ఆ బరువు బోటు వెనకభాగం మీద, అప్పటికే రెండు ఇంజన్లు వేలాడుతున్న చోట పడుతుంది.

పలచని ఫైబర్ పైకప్పు తరంగాలను కొంతవరకు దాటనిస్తుందన్నది నిజమే. కానీ పైకప్పు మీద కమ్మీలు, సెర్చిలైటు, సామాను ఉంటే ఆ దాటడం నమ్మదగినది కాదు.

మిర్చియార్డు_బోటు (గుంటూరు):
ఆ బోటు యజమానిని నేనే. మా ఫ్యాబ్రికేటర్ గారు ఇక్కడ ప్రశ్న పెట్టినట్టు చెప్పి లింకు పంపారు. పెద్దలకు నమస్కారాలు. నాకు ఒక సందేహం. 4 అడుగుల రాడార్ కరపత్రంలో 64 మైళ్ళు, డోము కరపత్రంలో 24 మైళ్ళు అని రాశారు. ఖర్చుకు నేను వెనకాడడం లేదు. దూరం ఎక్కువ కనిపించేది తీసుకోవడంలో తప్పేముంది? ఎత్తు పెంచితే ఇంకా దూరం కనిపిస్తుంది కదా?

రేడియో_ఆఫీసర్_విశ్రాంత:
అయ్యా, ఆ 64 మైళ్ళు పరికరం స్క్రీను మీద పెట్టగల అత్యధిక స్కేలు. సముద్రం ఒంపు తిరిగి ఉంది గనుక రాడార్‌కు కూడా దిగంతం ఉంటుంది. దాని లెక్క చిన్నదే: మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి 2.2తో గుణిస్తే నాటికల్ మైళ్ళు వస్తాయి. మీ డోము నీటికి 3.4 మీటర్ల ఎత్తులో ఉంటే దిగంతం 4 మైళ్ళు. అదే 5 మీటర్ల ఎత్తుకు లేపితే 4.9 మైళ్ళు. మీటరున్నర పైగా ఎత్తు పెంచి, అంత ఇనుము పైకెక్కించి, మీరు సంపాదించేది ఒక మైలు కూడా కాదు.

అవతలి వస్తువు ఎత్తు కూడా ఇందులో కలుస్తుంది. 25 మీటర్ల ఎత్తున్న సరుకు ఓడ తన వంతుగా 11 మైళ్ళు ఇస్తుంది కాబట్టి అది మీకు 15 మైళ్ళ దూరంలోనే కనిపించవచ్చు. నీటికి ఒక మీటరు మాత్రమే ఎత్తున్న వేట పడవకు లెక్కప్రకారం 6 మైళ్ళు వస్తుంది గానీ, ఫైబరూ చెక్కా తరంగాలను సరిగా తిప్పి పంపవు గనుక అసలు కనిపించే దూరం ఒకటి రెండు మైళ్ళే. మీకు పనికొచ్చే పరిధి ఇది. 64 మైళ్ళ దగ్గర పెద్ద వానమబ్బు తప్ప ఏమీ ఉండదు.

అయితే పెద్ద యాంటెన్నాకు ఒక మేలు మాత్రం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. యాంటెన్నా పొడవు పెరిగేకొద్దీ బీము సన్నబడుతుంది. 18 అంగుళాల డోము బీము అడ్డంగా 5 డిగ్రీలకు కొంచెం పైన, 24 అంగుళాలది సుమారు 4 డిగ్రీలు, 4 అడుగుల కడ్డీది సుమారు 2 డిగ్రీలు ఉంటుంది. 2 మైళ్ళ దూరంలో ఆ బీము వెడల్పు వరుసగా 330, 260, 130 మీటర్లు అవుతుంది. ఆ వెడల్పులో పక్కపక్కన ఉన్న రెండు పడవలు స్క్రీను మీద ఒకే చుక్కగా కలిసిపోతాయి. అందుచేత నా సలహా 24 అంగుళాల డోము. దాని బరువు 18 అంగుళాలదాని కంటే మూడు నాలుగు కిలోలే ఎక్కువ.

మాగ్నెట్రాన్ అనే గొట్టంతో తరంగాలు పుట్టించే పాతకాలపు రాడార్ వద్దు. మాగ్నెట్రాన్ గొప్ప ఆవిష్కరణే. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ దాన్ని పనిచేయించి ఉండకపోతే ఓడల మీద ఈ రాడార్లే ఉండేవి కావు. కానీ అది వేడెక్కడానికి నిమిషం పైన పడుతుంది, కొన్ని వేల గంటలకు అరుగుతుంది, కిలోవాట్లలో కొట్టే దాని పల్స్ పక్కనే ఉన్న పడవను మింగేస్తుంది. ఇప్పటి సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్లతో పనిచేసే) డోములకు కొన్ని పదుల వాట్లు చాలు. దగ్గరి వస్తువులను విడదీసి చూపుతాయి. ఫురునో, గార్మిన్, రేమరీన్, సిమ్రాడ్ అందరికీ ఈ రకాలు ఉన్నాయి. మన వైపు వస్తున్న వస్తువును వేరే రంగులో చూపే డాప్లర్ సౌకర్యం ఉన్నది తీసుకోండి. చెన్నై, విశాఖల మధ్య తిరిగే ఓడల దారిని మీరు రాత్రిపూట అడ్డంగా దాటుతారు కాబట్టి అది అవసరం.

మొగదాటిన_సరంగు (నిజాంపట్నం):
పెద్దలు లెక్కలు చెప్పారు. నేను నీళ్ళ మీద సంగతి చెబుతాను. హార్బరు నుంచి మొగ (నీటిపాయ సముద్రంలో కలిసే చోటు) దాటి బయటికి వచ్చేటప్పుడు, ముఖ్యంగా డిసెంబరు, జనవరి తెల్లవారుజామున, మంచులో పక్క పడవ కనిపించదు. ఆ సమయంలోనే పడవలన్నీ ఒకేసారి బయలుదేరతాయి. అక్కడ కావలసింది ముప్పావు మైలు స్కేలు. మంచు రాడార్‌ను పెద్దగా ఆపదు గానీ పెద్ద వాన ఆపుతుంది. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో వానతెర వెనక ఉన్న పడవ స్క్రీను మీద కనిపించదు. స్క్రీను మీది వానతెరను తుడిచే నాబును మరీ ఎక్కువ తిప్పితే తెరతోపాటు పడవ కూడా చెరిగిపోతుంది. అలల చెత్తను తుడిచే నాబుదీ అదే కథ. పడుచు కుర్రాళ్ళు స్క్రీను శుభ్రంగా కనిపించాలని దాన్ని చివరిదాకా తిప్పి, శుభ్రంగా ఉన్న స్క్రీను చూసుకుంటూ వల మీదికి ఎక్కించేస్తారు.

వల బెండ్లు ఏ రాడార్‌కూ చిక్కవు. జెండా కర్రకు రేకు ముక్క కట్టిన వల మాత్రం నెమ్మది సముద్రంలో అర మైలు లోపు కనిపిస్తుంది. బోటు ముందు ఒక మనిషి కళ్ళతో చూస్తూ ఉండవలసిందే.

డెల్టా_నావికుడు (విజయవాడ, విద్యాధరపురం):
ఇంత ఖర్చు ఎందుకండీ? ఏఐఎస్ (ఓడలు తమ పేరు, స్థానం రేడియోలో ప్రసారం చేసుకునే వ్యవస్థ) రిసీవరు ఒకటి పెట్టుకుంటే ఓడల పేర్లతో సహా స్క్రీను మీదికి వస్తాయి కదా. యాంటెన్నా ఒక్కటి చాలు, ఆర్చి కూడా అవసరం ఉండదు.

మొగదాటిన_సరంగు:
ఏఐఎస్ పెట్టుకున్నవాడే ఏఐఎస్‌లో కనిపిస్తాడండీ. మొగలో నాకు ఎదురొచ్చే ఫైబరు తెప్పకు దీపమే సరిగా ఉండదు, ఏఐఎస్ ఎక్కడిది?

రేడియో_ఆఫీసర్_విశ్రాంత:
రెండూ ఉండాలి. ఏఐఎస్ అవతలివాడు చెప్పుకున్న సమాచారం, రాడార్ మనం స్వయంగా కొలిచినది. ఇంకో సంగతి: రాడార్ ఉన్న బోటు దాన్ని సక్రమంగా వాడి తీరాలని 1972 నాటి అంతర్జాతీయ ఢీ నివారణ నియమాల్లో 7వ నియమం చెబుతుంది. అరకొర రాడార్ సమాచారం మీద ఊహలు కట్టవద్దని కూడా అదే నియమంలో ఉంది. పెట్టుకున్న తరువాత స్క్రీను ఆపేసి తిరిగి, ప్రమాదం జరిగాక చూడలేదంటే చెల్లదు.

నౌకానిర్మాణి:
ఇక లోహం సంగతి. స్టీలు అనగానే 316 గ్రేడు తప్ప వేరేది ముట్టుకోకండి. రెయిలింగులకు మీరు వాడే 304 సముద్రపు గాలికి కొద్ది నెలల్లోనే టీ మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు వేసుకుంటుంది. పైపు మీద 316 అని ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. మాలిబ్డినం పరీక్ష ద్రావణం చిన్న సీసాల్లో దొరుకుతుంది. కొన్న ప్రతి పైపు చివరా ఒక చుక్క వేసి, పక్కనే తెలిసిన 304 ముక్క మీద ఇంకో చుక్క వేసి పోల్చి చూడండి. వెల్డింగు తరువాత మిగిలే నీలిరంగు పొరను బఫింగుతో మెరిపించి వదిలేయకుండా పిక్లింగు పేస్టుతో తీసి బాగా నీళ్ళతో కడగాలి. తుప్పు మొదలయ్యేది ఆ పొర కిందనే.

కానీ నన్ను అడిగితే అల్యూమినియమే మేలు. లెక్క చూడండి: 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండంగుళాల స్టీలు పైపు మీటరుకు 2.4 కిలోలు. 60 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం పైపు మీటరుకు కిలోన్నర లోపు. వంగకుండా నిలిచే బిగువులో రెండోది మొదటిదానికి దాదాపు దగ్గరగా వస్తుంది, బరువు మాత్రం పదింట ఆరు పాళ్ళే. జంట పైపుల ఆర్చికి 16 మీటర్ల పైపు పడుతుందనుకుంటే 15 కిలోలు మిగులుతాయి.

అల్యూమినియంలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. 6061-టీ6 పైపును వెల్డు చేస్తే అతుకు పక్కన వేడి తగిలినచోట దాని గట్టిదనం సుమారు నలభై శాతం పడిపోతుంది. అందుచేత అతుకును ఎక్కువ వంపు భారం పడే చోట, అంటే కాలు అడుగున, పెట్టకండి. పెట్టక తప్పకపోతే అక్కడ 5083 రేకుతో త్రికోణపు ఆసరా వేయండి. రెండోది, అల్యూమినియంలో స్టీలు బోల్టు నేరుగా దిగితే ఉప్పునీటిలో అది బ్యాటరీగా మారి అల్యూమినియాన్ని తినేస్తుంది. ప్రతి బోల్టు కిందా నైలాన్ వాషరు, మరల మీద తుప్పు నిరోధక పేస్టు ఉండాలి. పౌడర్ కోటింగు అయ్యాక రంధ్రాలు వేయవద్దు. రంధ్రాలన్నీ వేసి, అంచులు నునుపు చేసి, ఆ తరువాతే కోటింగుకు పంపండి. లేకపోతే ఏడాది తిరక్కుండా ప్రతి రంధ్రం చుట్టూ రంగు పొక్కులుగా లేస్తుంది.

కొత్తగా_చేరాను (తెనాలి):
ఆర్చి కింద మనుషులు నిలబడతారు కదా, రాడార్ కిరణాల వల్ల ప్రమాదం లేదా? మా ఇంట్లో పిల్లలు కూడా ఇలాంటి బోట్లు ఎక్కుతుంటారు కాబట్టి అడుగుతున్నాను.

రేడియో_ఆఫీసర్_విశ్రాంత:
మంచి ప్రశ్న అమ్మా. సాలిడ్ స్టేట్ డోములు వెదజల్లే శక్తి చాలా తక్కువ. అయినా ప్రతి తయారీదారూ తన పుస్తకంలో సురక్షిత దూరం రాస్తాడు, అది పాటించాలి. ఆర్చి అంత ఎత్తున ఉన్నప్పుడు కింద నిలబడినవారి తలల పైనుంచే బీము వెళ్ళిపోతుంది. ఎవరైనా పైకప్పు ఎక్కవలసి వస్తే మాత్రం ముందుగా రాడార్‌ను స్టాండ్‌బైలో పెట్టాలి.

ఇదే సందర్భంలో మిగతా యాంటెన్నాల గురించి. జీపీఎస్ పుట్టగొడుగును డోముతో సమానమైన ఎత్తులో, బీముకు ఎదురుగా పెట్టవద్దు. పైకప్పు మీద, బీము కిందికి పెట్టండి. వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నా కర్రలు రెండూ ఆర్చి రెండు కాళ్ళ పక్కన, డోముకు ఒక మీటరు దూరంలో ఉంటే చాలు. డోము కింద వెనకవైపు ఎత్తుగా ఉండే చీలిక ముక్క గురించి కూడా అడుగుతారు. బోటు వేగం అందుకున్నప్పుడు ముక్కు మూడు నాలుగు డిగ్రీలు పైకి లేస్తుంది, దానితో బీము ముందువైపు ఆకాశంలోకి, వెనకవైపు నీళ్ళలోకి చూస్తుంది. అందుకని డోమును నిలకడగా ఉన్న బోటులో ముందుకు అంతే వాలి ఉండేటట్టు బిగిస్తారు. మీ బోటు మామూలు వేగంలో ఎన్ని డిగ్రీలు లేస్తుందో ఫోనులోని మట్టం కొలిచే యాప్‌తో ఒకసారి చూసుకుని, అంతే చీలిక వేయించండి.

నౌకానిర్మాణి:
దీపాల సంగతి ఎవరూ అడగలేదు. 12 మీటర్ల లోపు బోటు కాబట్టి ముందు దీపం, వెనక దీపం విడిగా పెట్టకుండా చుట్టూ కనిపించే తెల్లదీపం ఒకటి, ఎరుపు ఆకుపచ్చ పక్కదీపాలు పెట్టుకోవచ్చు. ఆ తెల్లదీపం పక్కదీపాల కంటే కనీసం ఒక మీటరు ఎత్తున ఉండాలి. కట్టడాలేవీ దాన్ని 6 డిగ్రీలకు మించి కప్పకూడదు. డోము పక్కనే దీపం పెడితే ఒకవైపు మొత్తం కప్పేస్తుంది. డోము వెనక సన్నని గొట్టం లేపి, డోము నెత్తి కంటే పైన దీపం ఉంచండి. అంత సన్నని గొట్టం వల్ల రాడార్‌కు వచ్చే నష్టం లెక్కలోనిది కాదు.

ఆటోనగర్_ఫ్యాబ్:
అందరికీ కృతజ్ఞతలు. యజమానిగారితో మాట్లాడి గీత మార్చాను. అల్యూమినియం జంట పైపులు, కాళ్ళు నిటారుగా లేచి పైభాగం ముందుకు కొద్దిగా వాలి ఉంటుంది. పైకప్పు మీద 60 సెంటీమీటర్లు లేస్తుంది. పైన 24 అంగుళాల డోముకు 8 మిల్లీమీటర్ల రేకు పీట, దాని వెనక దీపం గొట్టం. ఇక్కడ పూర్తిగా వెల్డు చేసి, తెనాలి, రేపల్లె మీదుగా వ్యానులో పంపి, హార్బరులో బోల్టులతో బిగిస్తాం. తీగలు పైపు లోపలినుంచే వెళ్తాయి.

మిర్చియార్డు_బోటు:
ముందుకు వాలినది మొదట నాకు నచ్చలేదు. గీత చూశాక పోలీసు గస్తీ బోటులా ఉందని మా అబ్బాయి అన్నాడు, దానితో ఒప్పుకున్నాను. రాడార్‌కు ప్రభుత్వ అనుమతి ఏమైనా కావాలా?

రేడియో_ఆఫీసర్_విశ్రాంత:
కావాలి. రాడార్, వీహెచ్‌ఎఫ్ రెండూ తరంగాలను ప్రసారం చేసే పరికరాలు. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నుంచి బోటు పేరిట లైసెన్సు తీసుకోవాలి. విదేశంలో చౌకగా దొరికిందని సూట్‌కేసులో తెచ్చుకోకుండా, ఇక్కడి అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనండి. దరఖాస్తులో పరికరం వివరాలు రాయవలసి ఉంటుంది.

నౌకానిర్మాణి:
ఫ్యాబ్ గారూ, మీ గీతలో మూడు దిద్దుబాట్లు. కాళ్ళ కింద చదరపు పళ్ళెం మాత్రమే చూపారు; పైకప్పు లోపలివైపు కూడా అంతకంటే పెద్ద పళ్ళెం ఉండాలి, లేకపోతే బోల్టు తలలు ఫైబర్‌ను నలిపేస్తాయి. ఆ పైకప్పు రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్కతో చేసినదైతే, ప్రతి బోల్టు రంధ్రాన్నీ పెద్దదిగా తొలిచి, చుట్టూ చెక్కను కొంత గీకి, ఎపాక్సీతో నింపి, ఎండాక ఆ ఎపాక్సీ మధ్యలో అసలు రంధ్రం వేయాలి. ఒక్క రంధ్రం నుంచి నీరు చెక్కలోకి దిగినా రెండు వానాకాలాల్లో పైకప్పు మెత్తబడిపోతుంది.

తీగ పైపులోకి దూరే రంధ్రం డోము పీట కింద, పక్కవైపు ఉండాలి, పైవైపు కాదు. అంచుకు రబ్బరు కమ్మీ వేసి, తీగ లోపలికి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు తిరిగేటట్టు వదలండి. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. నెట్‌వర్కు తీగ కొసన ఉండే ప్లగ్గు తీగ కంటే చాలా లావు కాబట్టి రంధ్రం ఆ ప్లగ్గుకు సరిపడా వేసి, పైపు వంచే ముందే లోపల ఒక నైలాను తాడు వేసి ఉంచండి. కాళ్ళ అడుగున నీరు కారిపోవడానికి 6 మిల్లీమీటర్ల రంధ్రం మరవకండి.

ఆటోనగర్_ఫ్యాబ్:
పైకప్పులో బాల్సా ఉన్నదీ లేనిదీ రేపు సెర్చిలైటు రంధ్రం దగ్గర విప్పి చూసి చెబుతాను. తాడు పైపు వంచిన తరువాత వేస్తే వంపు దగ్గర ఇరుక్కుంటుందా, లేక పాతిక మిల్లీమీటర్ల ప్లగ్గు అయినా లాగితే వచ్చేస్తుందా?

నౌకానిర్మాణి:
మీ పైపు లోపలి వ్యాసం 54 మిల్లీమీటర్లు. వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి మూడు రెట్లకు తగ్గకపోతే, వంపు లోపల పైపు నలగకపోతే ప్లగ్గు వస్తుంది. ఆర్చి కోటింగుకు పంపక ముందే ఆ ప్లగ్గు కొలతలో ఒక చెక్క ముక్క తాడుకు కట్టి, రెండు కాళ్ళలోంచీ లాగి చూడండి.